ముఫ్తీతో వాదించిన ఖాలా

ఖాలా పోయిందని రాయచోటి నుంచి వాళ్ళ చెల్లెలి కూతురు వాయిస్ మెసేజ్ పెట్టింది. తెల్లవారుజాము నమాజు చేసుకుని, టీ తాగి, ఆ టీ బాగాలేదని చెప్పి, పక్కకు ఒరిగిందట. విన్నాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆవిడ మీద నాకున్న ఫిర్యాదులు ఒక్కటీ తేలలేదు. ఏ ఒక్కదానికీ ఆవిడ క్షమాపణ చెప్పలేదు. ఎప్పటికైనా చెబుతుందని ఎదురుచూస్తూ ఉన్నాను. ఇలా మాట మధ్యలో లేచి వెళ్ళిపోవడం ఆవిడకి అలవాటే. నేను నా వాదన పూర్తి చేయబోతుంటే నమాజు వేళయిందని చాప పరిచేసుకునేది. ఇప్పుడూ అదే చేసింది.

ఆవిడ పేరు రాయను. తన పేరు పరాయివాళ్ళ నోళ్ళలో నలగడం ఆవిడకి గిట్టేది కాదు. మేం పనిచేసిన అబుదాబి ఇంట్లో అరబ్బులూ, కేరళ డ్రైవరూ, పఠాన్ తోటమాలీ, నేనూ అందరం ఖాలా అనేవాళ్ళం. పిన్ని అనో పెద్దమ్మ అనో అర్థం. ఆవిడ మాత్రం నన్ను నా పేరుతో ఒక్కసారీ పిలవలేదు. "రాజోలమ్మీ" అనేది. మాది రాజోలు కాదు, పక్కన చిన్న ఊరు, అని ఎన్నోసార్లు చెప్పాను. "రాజోలుకు ఆ పక్కనా ఈ పక్కనా అనేది నాకేం తెలుస్తాది మే" అని కొట్టిపారేసింది. ఇదొకటి తేలని ఫిర్యాదు.

కరోనాలో మా ఊరి ప్రైవేటు బడి మూతపడింది. అందులో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను వంటమనిషి వీసా మీద అబుదాబి శివార్లలోని బనియాస్‌లో ఒక అరబ్బు కుటుంబం ఇంటికి చేరాను. వంటిల్లు ఇంటి వెనక ఆవరణలో విడిగా ఉండేది. ఖాలా ఆ వంటింటికి చాలా కాలంగా రాణి. ఆవిడ గోరుముద్దలు తినిపించిన పిల్లలకే పిల్లలు పుట్టారు. పొడుగ్గా, ఎండిన మునక్కాయలా ఉండేది. కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెడలో వేసుకునేది గానీ కళ్ళకి పెట్టుకోవడం నేను చూడలేదు. కూర రుచి చూడాలంటే గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని, దాన్ని ముందు వాసన చూసి, తర్వాత నాకి, కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు తెరిచేలోగా వంటింట్లో ఎవరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు కాదు.

నేను వెళ్ళిన మొదటి రోజున, పనివాళ్ళ భోజనానికి వంకాయ పులుసు పెట్టాను. ఖాలా నా మెడలో సిలువ గొలుసు చూసింది, పులుసు గిన్నె చూసింది, చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. ఆ దేశంలో మతసందేహాలు అడగడానికి ఫత్వాల ఫోన్ లైన్ ఒకటి ఉంది. ఉర్దూలో జవాబు చెప్పే ముఫ్తీలు కూడా ఉంటారు. ఏ అంకె నొక్కితే ఉర్దూ వస్తుందో ఖాలా చూడకుండా నొక్కగలదు. స్పీకర్ పెట్టి, ఫోన్‌ని మసాలా డబ్బాకి ఆనించింది.

"హజ్రత్, మా వంటింటికి కొత్తగా ఒక నస్రానీ పిల్ల వచ్చింది. ఆమె చేతి కూడు నేను తినొచ్చా?"

నస్రానీ అంటే క్రైస్తవురాలు. అవతల ముఫ్తీగారి గొంతు మెత్తగా ఉంది. "తినొచ్చమ్మా. కితాబు, అంటే దేవుడి గ్రంథం, ఉన్నవాళ్ళ భోజనం మనకు హలాల్ అని ఖురానే చెప్పింది. మాంసం హలాల్ దుకాణం నుంచి తెచ్చిందేగా?"

"మాంసం కాదు, వంకాయ."

"అయితే ఇంకేం సందేహం?"

ఖాలా ఫోన్ పెట్టేసి, అన్నం కలుపుకుని, ఒక ముద్ద తిని నా వైపు చూసింది. "షరియత్‌కేం అభ్యంతరం లేదంట. నాకుండాది. ఉప్పు యాడ?"

అంతమంది ముందు. మొదటి రోజు. నన్ను ఒక మనిషిగా కాక ఒక సందేహంగా ఆవిడ ఫోన్‌లో చదివి వినిపించింది. నేను ఈ సంగతి మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

తర్వాత తర్వాత తెలిసింది, ఆ లైన్‌లో వాళ్ళందరికీ ఆవిడ గొంతు సుపరిచితమని. ఆవిడ సలాం చెప్పగానే అవతలివాళ్ళు "చెప్పండి బనియాస్ అమ్మా, ఇవాళ ఏమైంది?" అనేవాళ్ళు. సగం ప్రశ్నలు నా గురించే. నేను వాడిన గిన్నెని ఎన్నిసార్లు కడగాలి? ఒకసారి శుభ్రంగా కడిగితే చాలమ్మా. నేను కీర్తనలు పాడుకుంటుంటే ఆవిడ చెవులు మూసుకోవాలా? అక్కర్లేదు, మీ పని మీరు చేసుకోండి. "ఆమె గొంతు బాగలేకపోయినా?" అని ఒకసారి అడిగింది. ముఫ్తీగారు నవ్వాపుకోవడం నాకు వినిపించింది.

ఆవిడ లోకంలో ప్రతిదీ రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో పడాలి. ఒకటి హక్కు, రెండోది దయ. దయ అన్న మాట ఆవిడకి పడదు. నేను వెళ్ళిన కొత్తలో, శుక్రవారం ప్రార్థనకి ఓ పూట వదలమని పెద్ద మేడంని అడగడానికి భయపడుతుంటే, ఖాలానే వెళ్ళి అడిగొచ్చింది. శుక్రవారం అంటే ఆ ఇంట్లో కొడుకులూ కోడళ్ళూ మనవలూ అంతా చేరి భోంచేసే రోజు. వంటింట్లో ఇద్దరం ఉంటేనే చాలదు. అయినా పొద్దున్నే నన్ను గేటు దాకా తరిమేది.

"మీ దయ ఖాలా," అన్నాను మొదటిసారి, మర్యాదకి.

"దయ గియ అనొద్దు. దయ జేస్తే నువ్వు నాకు సలాం కొట్టాల. ఇది నీ హక్కు. కొట్టక్కర్లా, పో."

సాయంత్రం తిరిగొచ్చేసరికి దొంతులు దొంతులుగా అంట్లు. ఆ వారమంతా నన్ను తిడుతూనే ఉండేది, శుక్రవారం ఒక్కతే చచ్చానని. మీరే కదా పొమ్మన్నారు అంటే, "పోయేది నీ హక్కు. తిట్టేది నా హక్కు" అనేది. తర్వాత ఆ దేశంలో సెలవులు శనాదివారాలకి మారాయి, మా చర్చిలో పెద్ద ఆరాధన ఆదివారానికి మారింది. శుక్రవారం నేను వంటింట్లోనే ఉన్నాను. తిట్లు మాత్రం మారలేదు.

ఒక ఏడు రంజానూ, మా శ్రమల దినాలూ కలిసి వచ్చాయి. ఆవిడ పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టదు. నేను ఈస్టరు దాకా మాంసం ముట్టనని మొక్కుకున్నాను. ఆవిడ ఉపవాసంతో ఉంటే ఎదురుగా తినడం బాగుండదని, మొదటి మధ్యాహ్నం నేనూ అన్నం తినకుండా ఊరుకున్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏమ్మే, తిన్యావా?"

"లేదండి. మీరు పస్తుంటే నాకెలా ఎక్కుద్దండి?"

గరిటె కింద పెట్టింది. "నీ పస్తు నన్నడిగి పెట్టుకున్యావా? మా దేవుడు నీ మీద పెట్టని ఫర్జు నెత్తినేసుకునేదానికి నువ్వెవరు? ఆకలితో ఉండి నా కూర మాడగొడతావు. కూర్చో!" అని, ఎండిన పెదాలతో నాకు వేడివేడిగా పప్పుచారు పోసి, నేను తినేదాకా ఎదురుగా నిలబడింది. అంత కటువుగా అన్నం పెట్టినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

అంతటితో పోలేదు. మరోరోజు సాయంత్రం ఇఫ్తారుకి దించిన మచ్బూస్ పులావు వాసన భరించలేక, గిన్నె అంచున అంటుకున్న చిన్న మాంసం ముక్క మీద చెయ్యి వేశాను. టప్పుమని గరిటె కాడతో నా చేతి మీద కొట్టింది.

"మీ ఏసుకు మాటిచ్చినావు గదమ్మే!"

"చిన్న ముక్కేనండి!"

"ఆయప్ప సూడ్డనుకున్యావా? ఆయన మాకూ ప్రవక్తే. నా వంటింట్లో ఆయనకిచ్చిన మాట తప్పితే నన్నడుగుతాడు."

మా పాస్టరుగారే నన్ను అంతగా కనిపెట్టలేదు. ఆ ఏడు నా వ్రతాన్ని నేను చేసింది తక్కువ, ఆవిడ చేయించింది ఎక్కువ. మూడు దినాలు నా మణికట్టు ఎర్రగా ఉంది. ఇదీ తేలలేదు.

ఇక రాజలింగం సంగతి. ఆ ఇంటి పిల్లల్ని స్కూలు నుంచి దింపే బస్సుకి డ్రైవరు. జగిత్యాల వైపువాడు, హిందువు. అతని గది పక్కనే మఫ్రఖ్‌లో, కంపెనీ క్యాంపులో. నేను గేటు దగ్గర పిల్లల్ని దింపుకునేదాన్ని. ముందు "నమస్తే మేడం" అనేవాడు, తర్వాత "తిన్నవా?" అనేవాడు, ఆ తర్వాత ఇద్దరం పిల్లల బ్యాగులు అవసరమైన దానికంటే నెమ్మదిగా దింపేవాళ్ళం. అలా రెండో ఏడు వచ్చేసరికి పెళ్ళి చేసుకుందామనుకున్నాం.

అక్కడే చిక్కుపడ్డాం. ఇంటి దగ్గర మా అన్నలు రాజలింగం బాప్తిస్మం తీసుకుంటేనే ఒప్పుకుంటామన్నారు. చర్చిలో పెళ్ళికి పాస్టరుగారి షరతూ అదే. వాళ్ళమ్మ కులం పిల్ల కావాలంది. ఎంబసీలో పెళ్ళంటే ఊళ్ళో కూడా నోటీసు పడుతుందని విన్నాం. పడితే మా అన్నలు కఫీల్‌కి, అంటే మా వీసాల యజమానికి, ఫోన్ చేస్తారు. కఫీల్‌కి చిరాకేస్తే నా వీసా కొట్టేసి ఊరికి పంపేస్తాడు. ఊరెళ్ళానంటే తిరిగి రానివ్వరు. పెళ్ళయితే ఇక్కడే కావాలి, లేకపోతే లేదు. రాజలింగం మాత్రం తేలిగ్గా ఉన్నాడు. "నేను గుడికి పోత, నువ్వు చర్చికి పో. ఎవ్వల దేవునికి వాళ్ళు మొక్కుదం. గిండ్ల లొల్లేముంది?" అనేవాడు. లొల్లి ఎక్కడుందో అతనికి తప్ప అందరికీ తెలుసు.

అప్పుడు వాళ్ళ క్యాంపులో ఎవరో సలహా ఇచ్చారు. ఇద్దరూ కల్మా చదివేయండి, ముస్లింలయిపోతారు, కోర్టులో నికా చేసేస్తారు, కాగితం చేతికొస్తుంది, తర్వాత మీ ఇష్టం అని. నాకు ఆ మాట నచ్చింది. పైగా ఖాలా ఎంత సంతోషిస్తుందో అనిపించింది. ఇన్నాళ్ళ నా అవమానాలన్నీ ఆ ఒక్క వార్తతో తిరగబడతాయనీ, నన్ను కౌగిలించుకుని ఏడుస్తుందనీ ఊహించుకున్నాను. అది కూడా రంజాను నెలే. మధ్యాహ్నం ఆవిడ హరీస్ మెదుపుతోంది. గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించి, పెద్ద చెక్క గరిటెతో ముద్దయ్యేదాకా మెదపాలి. నేను పక్కన నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాను.

"ఖాలా, నేను కల్మా చదువుదామనుకుంటున్నానండి."

గరిటె ఆగింది. ఆవిడ తిరిగి చూసింది. కళ్ళు నిజంగానే మెరిశాయి. ఒక్క క్షణం.

"ప్రవక్త మీద నమ్మకం కుదిరిందా మే?"

"నమ్మకం సంగతి నిదానంగా చూసుకోవచ్చండి. ముందు పెళ్ళి కావాలి కదా, రాజలింగం కూడా..."

నేను ముగించలేదు. ఆ చెక్క గరిటె నా వైపు లేచింది, దాని చివర హరీస్ వేలాడుతోంది.

"నా దీన్, నా మతం, ఏమన్నా బస్టాపా మే, మీ బస్సు డ్రైవరు ఆపినప్పుడు ఎక్కి, కాగితం చేతికొచ్చినాక దిగిపోయేదానికి? మతంలో బలవంతం లేదని ఖురాన్‌లో రాసిపెట్టింది మీ కోసం గాదు, మా కోసం! తోసుకోని వచ్చేవాళ్ళను గూడా ఆపమని!"

"రమ్మంటే రాని వాళ్ళుంటారు గానీ, వస్తామంటే వద్దనేవాళ్ళుంటారా అండీ?" నాకూ కోపం వచ్చింది. "మా పాస్టరుగారు రాజలింగాన్ని రా రమ్మని బతిమాలుతున్నారు. మీరు నన్ను గుమ్మంలోనే ఆపేస్తున్నారు. నేనంత పనికిరానిదాన్నా?"

"ముఫ్తీనే అడుగుదాం," అంది ఖాలా.

చేతులు తుడుచుకుంది. ఫోన్ మసాలా డబ్బాకి ఆనింది. మెత్తని గొంతు ముఫ్తీగారే దొరికారు. ఖాలా విషయం చెప్పింది. ఆయన శాంతంగా అన్నారు: "అమ్మా, నోటితో చెబితే మనం స్వీకరించాలి. మనసుల్లో ఏముందో అల్లాకే తెలుసు. గుండెలు చీల్చి చూడటం మన పని కాదు."

నేను గెలిచాననుకుని చేతులు కట్టుకున్నాను. ఖాలా ఫోన్ మీదికి వంగింది.

"చీల్చక్కర్లా హజ్రత్, ఆమె నోరే జెప్తాంది నమ్మకం లేదని. ఆమె మీకు తెలీదు, నాకు తెలుసు. ఉప్పు తక్కువైందంటే ఇన్నేండ్లయినా నన్ను ఇడిసిపెట్టలా. ఈపొద్దు కాగితం కోసం వస్తాది. రేపు నామీద కోపమొస్తే పోతానంటాది. వచ్చి పోయినవాళ్ళ సంగతి షరియత్‌లో ఎంత కష్టమో మీకు నేను జెప్పాల్నా? ఆమెకు పుట్టే బిడ్డల సంగతేంది? ఇంత బరువు ఒక పెండ్లి కోసం నెత్తినెత్తుతారా, ఆడపిల్లకు?"

ముఫ్తీతో అలా మాట్లాడొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. ఆయనకీ తెలీదేమో.

"ఆమె ఎవరు, అతనెవరు?" అని అడిగారు చివరికి.

"ఆమె నస్రానీ. వాడు హిందూ."

"ఇద్దరూ ముస్లింలు కానప్పుడు మన నికా దేనికమ్మా? ముస్లింలు కానివాళ్ళ పెళ్ళికి అబుదాబిలో వేరే చట్టం వచ్చింది, వేరే కోర్టు ఉంది. మతం మారక్కర్లేదు. అక్కడికి పంపండి."

ఖాలా నా వైపు తిరిగి "సూస్తివా!" అంది, ఆ చట్టం తనే కూర్చుని రాసినట్టు. "మా నాయన మసీదులో పిల్లకాయలకు సదువు జెప్పేటోడు. మావాళ్ళ రాజ్యంలో ఉన్నా, మీ పెండ్లి మీ పద్ధతిలోనే కావాల అని అప్పుడే జెప్పినాడు." అని మళ్ళీ హరీస్ మెదపడం మొదలుపెట్టింది.

సంతోషించాల్సిన మాటే. దారి దొరికింది. కానీ నా సంగతి ఆలోచించండి. నా అంతట నేను నడిచి వెళితే, వాడిన కొత్తిమీర కట్టని దుకాణానికి తిప్పి పంపినట్టు నన్ను తిప్పి పంపింది. అది కూడా ముఫ్తీగారు సరేనన్న తర్వాత. నేను ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశాను. ఆవిడ గమనించలేదు. వారం పోయాక, నేను మాట్లాడటం లేదని ఆవిడకి చెప్పడానికి నేనే మాట్లాడాల్సి వచ్చింది. "అట్లనా? ఈ మధ్య చెవులకు సుఖంగా ఉండాది, ఎందుకబ్బా అనుకున్యా" అంది.

రంజాను అయ్యాక పెద్ద మేడంకి చెప్పే పని కూడా ఆవిడే పెట్టుకుంది. కఫీల్ ఆ మేడం కొడుకే. తల్లి ఔనంటే ఆయన కాదనడు. మేడం ఊదు ధూపం పక్కన కూర్చుని ఉంది. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఖాలా తన వంటింటి అరబ్బీలో చెప్పింది.

"ఆమె ముస్లిమా?" అంది మేడం.

"కాదు."

"అతను?"

"వాడూ కాదు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

"మీ ఇంటి కప్పు కింద ఉంది గనక. మీకు అప్పగించిన మనిషి. పెళ్ళి చేసుకుంటానంటోంది, చెడ్డ దారి కాదు. మీరు అడ్డం పడితే ఆ లెక్క మీరే చెప్పుకోవాలి, నేను కాదు."

ఖాలా చేతి హరీస్ తిని పెరిగిన కొడుకులు ఆరుగురున్నారు ఆ ఇంట్లో. మేడం నవ్వి, "కారు తీసుకెళ్ళండి" అంది. తర్వాత, "పెళ్ళయ్యాక పనిలో ఉంటుందా?" అని ఖాలానే అడిగింది. ఉంటుందని ఖాలానే చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

తర్వాతి వారం రాజలింగం గేటు దగ్గర దొరికిపోయాడు. అతనికి టీ ఇవ్వొచ్చా అని కూడా ఖాలా ఎప్పుడో ఫత్వా అడిగి పెట్టుకుంది. కితాబు లేనివాడయినా టీకేం అడ్డం లేదన్నారట. "నాకు కితాబు లేదన్నదెవరు? లైసెన్సు పుస్తకమున్నది" అని రాజలింగం నవ్వేవాడు. ఆ రోజు టీ చేతికిస్తూనే అడిగింది.

"మెహర్ ఏమిస్తావురా?"

"మెహర్ ఏంది ఖాలా?"

"పెండ్లికూతురికి పెండ్లికొడుకు ఇయ్యాల్సింది. అది ఆమె హక్కు."

"మా దాంట్ల లేదు గది."

"లేకుంటే మా దాంట్లోది తీసుకో. చేతికేమీ పెట్టకుండా తోలుకపోయేదానికి ఆమె మీ స్కూలు బస్సెక్కే పిల్లనా?"

రాజలింగం నా వైపు చూశాడు. నేను పిల్లల బ్యాగు వైపు చూశాను. "నా తాన ఉన్నది ఇగో, గీ నడుముకున్న వెండి మొలతాడే ఖాలా. మా అవ్వ చేయించింది."

"ఇప్పు."

"ఈడనా?"

"ఆ గోడెనక్కు పోయి ఇప్పుకోనిరా."

వచ్చి, వెచ్చగా ఉన్న మొలతాడు ఆవిడ చేతిలో పెట్టాడు. పెళ్ళికానుకగా మొలతాడు పుచ్చుకున్న ఆడది నేను తప్ప ఇంకొకతి ఉండదు. తర్వాత దాన్ని కరిగించి పట్టీలు చేయించుకున్నాను, అది వేరే సంగతి. టీ తాగుతూ రాజలింగం అడిగాడు: "మేం మీ మతపోళ్ళం కాదు గద ఖాలా. నీకెందుకింత తండ్లాట?"

"మన దేశంలో మీరు సానామంది, మేము కొందరం. ఈడ మేము సానామంది, మీరు కొందరు. సానామందిలో ఉన్నప్పుడే గదరా మనిషి ఎట్లాంటోడో తెలిసేది. నేనెట్లాంటిదాన్నో నాకు తెలుసుకోవాలని ఉండదా?" అని ఖాళీ గ్లాసు లాక్కుంది. "పో, బస్సులో పిల్లకాయలు అరుస్తాండారు."

కోర్టు రోజున ఖాలా కొత్త అబాయా వేసుకుని, అత్తరు పూసుకుని, ఒళ్ళో సేమియా క్యారేజీ పెట్టుకుని కారులో ముందు కూర్చుంది. కేరళ డ్రైవరునీ పఠాన్ తోటమాలినీ సాక్షులుగా తెచ్చింది. వాళ్ళకి దారంతా పాఠం చెప్పింది. జడ్జి ఏమడిగితే ఏమనాలి, నా అన్నలు ఎందుకు రాలేదంటే ఏమనాలి. ఆడపిల్ల పెళ్ళికి పెద్దదిక్కుగా నిలబడే మనిషి లేకపోతే ఆ కోర్టు ఒప్పుకోదేమోనని ఆవిడకి రాత్రంతా నిద్రలేదట. నాకూ లేదు. అక్కడ ఏ ఒక్క కాగితానికి అన్నయ్య సంతకం అడిగినా నా కథ అయిపోయినట్టే.

రాజలింగం తెల్లచొక్కా తొడుక్కుని, దాని మీద సైజు స్టిక్కరు తియ్యకుండా, మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. లోపల ఎమిరాతీ అమ్మాయి ఒకతె కాగితాలు చూస్తోంది. ఖాలా ముందుకెళ్ళి సాక్షుల కార్డులు రెండూ బల్ల మీద పెట్టింది.

"సాక్షులు అవసరం లేదు ఖాలా," అంది ఆ అమ్మాయి.

"మరి పెళ్ళికూతురి తరఫు పెద్ద?"

"అక్కర్లేదు. ఇద్దరూ పెద్దవాళ్ళే కదా."

"అయితే ఎవరూ అక్కర్లేదా?"

"వీళ్ళిద్దరూ ఉంటే చాలు."

ఖాలా ఆ రెండు కార్డులూ తిరిగి తీసుకుని గోడవార సోఫాలో కూర్చుంది, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, మొహం ముడుచుకుని. ఎవరైనా ఆవిడని అక్కర్లేదనడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మాకు సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపించారు, పెట్టాం. మబ్రూక్ అని అభినందించారు. నా గుండెలో రాయి దిగేలోపే పెళ్ళి అయిపోయింది. ఇంత తేలికా అనిపించింది.

కారు పార్కింగులోకి వచ్చాక ఖాలా ఆగింది. "గవర్మెంటు పని అయిపోయింది. ఇంగ నా పని." రాజలింగాన్ని కారుకి ఆ పక్కన నిలబెట్టింది. సాక్షులిద్దర్నీ వెంటబెట్టుకుని నన్ను ఈ పక్కకి తీసుకొచ్చింది. వాళ్ళ నికాలో అలాగే చేస్తారట. పెళ్ళికొడుకు ఎదురుగా లేనప్పుడు, సాక్షులు వింటుండగా పెళ్ళికూతురిని విడిగా అడుగుతారు. ఆవిడ గొంతు మార్చి, నిదానంగా, ఒక్కో మాటా స్పష్టంగా పలికింది.

"జగిత్యాల రాజలింగం, వెండి మొలతాడు మెహర్‌గా ఇచ్చి, నిన్ను చేసుకుంటానంటాండాడు. నీకిష్టమేనా? ఎవురన్నా బలవంతం జేసినారా?"

అప్పుడు తట్టింది నాకు. మా అన్నలు ఆర్డరు వేశారు, పాస్టరుగారు షరతు పెట్టారు, మేడం ఖాలాని అడిగింది, కోర్టమ్మాయి గీత చూపించింది. నీకిష్టమేనా అని నోరారా అడిగింది ఈవిడొకతే. నన్ను తన గుమ్మంలోంచి తిప్పి పంపిన మనిషి. కానీ నేను జవాబు అంత తేలిగ్గా ఇచ్చేస్తానా? ఇన్నాళ్ళు నేను ఎదురుచూశాను, కాసేపు ఆవిడనీ ఎదురుచూడనిద్దామనుకున్నాను. పెదాలు బిగించి, పైన వెళుతున్న విమానం వైపు చూశాను.

మళ్ళీ అడిగింది. మాట్లాడలేదు. ఇంకోసారి అడిగింది. విమానం చాలా దూరం పోయింది.

ఖాలా సాక్షుల వైపు తిరిగింది. "ఇన్యారు గదా, నోరు మెదపలా. మొదటి పెండ్లి పిల్ల సిగ్గుతో నోరు మెదపకుంటే ఒప్పుకున్నట్టే, షరియత్‌లో ఉండాది. ఖలాస్. పాండి, సేమియా తిందాం."

"సిగ్గా!" అన్నాను. "నాకు సిగ్గేంటండి? నాకు కోపం! మీ షరియత్ నాకెలా వర్తిస్తుందండీ? నేను మీ దాంట్లో లేను కదా! వస్తానంటే మీరే రానివ్వలేదు! నేను ఊరుకుంటే మీ లెక్కలో ఔను కావచ్చు, నా లెక్కలో కాదు!"

"అట్లనా? మరి మీ దాంట్లో ఎట్ల జెప్తారు?"

"నోటితో చెబుతామండీ!"

"అయితే జెప్పు."

"ఇష్టమే!" అన్నాను. పార్కింగు అవతల చివర కారెక్కుతున్నవాళ్ళు తిరిగి చూశారు. "ఇష్టమే! ఇష్టమే!"

కారుకి ఆ పక్క నుంచి రాజలింగం తల పైకి లేచింది. "నాగ్గూడ ఇష్టమే!"

"నిన్నెవరడిగినార్రా?" అంది ఖాలా, క్యారేజీ మూత తీస్తూ. తర్వాత నా వైపు తిరిగింది. "ఒగసారి జెప్తే సాలు గదమ్మే. నాకేమన్నా చెవుడా?"